ఓసీడీ, డిప్రెషన్ కలిసి వచ్చినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓసీడీ అంటే వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, వాటి నుంచి ఊరట కోసం మళ్లీ మళ్లీ చేసే పనులు. డిప్రెషన్ అంటే కుంగుబాటు. అమలాపురం నుంచి వచ్చినా, నరసాపురం నుంచి వచ్చినా, ఈ రెండింటి గురించి కౌన్సెలింగ్ గదిలో అడిగే సందేహాలు దాదాపు ఒకటే. చాలామంది అవే మాటల్లో అడుగుతారు కూడా. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మందుల పేర్లు, మోతాదులు రాసింది మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయని. చీటీ లేకుండా కొనుక్కోవడానికి కాదు.

## అనుమానం మొదలైనప్పుడు

మా ఇంట్లో అందరికీ మడి, ఆచారం ఉన్నాయి. మా చెల్లెలిది కాస్త ఎక్కువ, అంతే కదా? దాన్ని జబ్బని ఎలా అంటారు?

మడికి ఒక లెక్క ఉంటుంది. స్నానం చేసి, ఆరేసిన బట్ట కట్టుకుని, వంట చేసి, నైవేద్యం పెట్టాక ఆ పని అయిపోతుంది. మనసు కుదుటపడుతుంది. ఓసీడీలో ఆ అయిపోవడమే ఉండదు. బిందె మూడుసార్లు తోమినా సరిగ్గా తోమానా అన్న అనుమానం పోదు. నాలుగోసారి తోమితే రెండు నిమిషాలు ఊరట, మళ్లీ అదే అనుమానం. ఇంట్లో పెద్దావిడే 'ఇంత మడి మేమెప్పుడూ చూడలేదమ్మా' అంటున్నారంటే వ్యవహారం ఆచారం దాటిందని గుర్తు. ఆ ఆలోచనలకూ పనులకూ రోజులో గంటకు మించి పోతోందా, చదువో సంసారమో ఉద్యోగమో దెబ్బతింటోందా అని డాక్టర్లు చూస్తారు. చెల్లెలు అదంతా ఇష్టంగా చేస్తోందా, ఏడుస్తూ చేస్తోందా అన్నది మీరు చూడండి.

మా అబ్బాయి రోజంతా మంచం మీదే ఉంటున్నాడు, తిండి తగ్గించేశాడు. అందరూ డిప్రెషన్ అన్నారు. డాక్టరుగారు ఓసీడీ కూడా ఉందంటున్నారు. అదెక్కడి నుంచి వచ్చింది?

చాలామందిలో ఓసీడీయే ముందు వస్తుంది. హైస్కూల్లోనో ఇంటర్‌లోనో మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు. ఆ భారానికి కుంగుబాటు తోడవుతుంది. ఇంట్లోవాళ్ల కంటపడేది ఈ రెండోదే. పైగా మంచం మీద ఉన్నాడంటే నీరసం ఒక్కటే కారణం కాకపోవచ్చు. దిగితే నేల తాకాలి, తలుపు గడియ తాకాలి, ఆ తర్వాత గంటసేపు కడుక్కోవాలి. అంత యాతన కంటే దిగకపోవడమే నయమని పడుకున్నవాళ్లున్నారు. తిండి తగ్గించడం వెనక ఆకలి లేకపోవడంతో పాటు అన్నంలో ఏదో పడిందన్న భయం ఉండవచ్చు. 'ఎందుకు లేవడం లేదు?' అని నిలదీయకండి. 'లేస్తే ఏమేం చేయాల్సి వస్తోంది?' అని అడిగి చూడండి. చాలా ఇళ్లలో అసలు సంగతి ఆ ప్రశ్నకే బయటపడుతుంది.

దేవుడి పటం ముందు నిలబడగానే పాడు ఆలోచనలు వస్తున్నాయి. ఇది ఎవరికైనా చెప్పుకునే విషయమేనా?

చెప్పుకోవలసిన విషయమే. దేవుడి మీద బూతులు, కత్తిపీట దగ్గర సొంత బిడ్డను చూడగానే ఏదైనా చేసేస్తానేమోనన్న భయం, దగ్గరివాళ్ల గురించి లైంగికమైన ఊహలు, ఇవన్నీ ఓసీడీలో తరచుగా కనిపించేవే. ఆలోచన రావడం వేరు, కోరిక ఉండటం వేరు. అది మీకు గిట్టనిది కనుకనే అంతగా వణికిపోతున్నారు. డాక్టర్లకు, సైకాలజిస్టులకు ఇవి కొత్త కాదు, విని ముఖం చిట్లించరు.

కాన్పయిన కొత్తలో కొందరు తల్లులు ఈ భయంతో బిడ్డను ఎత్తుకోవడమే మానేస్తారు. అత్తగారికి చెప్పలేరు, భర్తకు చెప్పలేరు. బిడ్డ మీద ప్రేమ లేదని నింద పడుతుంది, దానితో కుంగుబాటు ముదురుతుంది. అయితే ఒక హెచ్చరిక. తనకు గొంతులు వినిపిస్తున్నాయనీ, బిడ్డను ఏదో చేయమని ఎవరో ఆదేశిస్తున్నారనీ తల్లి నమ్ముతుంటే దాన్ని ఓసీడీ అనుకుని ఊరుకోవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చనిపోతే బాగుండు అనిపిస్తోంది. ఇది ఓసీడీ ఆలోచనో, నిజంగా నాకే అనిపిస్తోందో తెలియడం లేదు.

అది తేల్చే పని మీరు ఒంటరిగా పెట్టుకోవద్దు. ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. అది 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే నేరుగా దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. వరి, రొయ్యలు, కొబ్బరి సాగుచేసే ఇళ్లలో పురుగుమందు, ఎలుకల మందు చేతికందేచోటే ఉంటాయి. వాటిని ఇవాళే ఇల్లు దాటించండి. మాత్రల పెట్టె కూడా మీ దగ్గరే ఉంచుకుని రోజుకు కావలసినవే ఇవ్వండి. బయటికి చెబితే పోలీసు కేసవుతుందని దాచకండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని, వారికి వైద్యం అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ముందు భూతవైద్యుడికి చూపిద్దాం, తగ్గకపోతే అప్పుడు డాక్టరు దగ్గరకు అంటున్నారు మా మామయ్యగారు.

తాయెత్తు కట్టించుకుంటే నాకు అభ్యంతరం లేదు. దానికోసం డాక్టరు దగ్గరకు వెళ్లే రోజును వాయిదా వేయవద్దు. కొట్టడం, పస్తులుంచడం, పొగ పట్టడం అంటే మాత్రం మామయ్యగారు నొచ్చుకున్నా సరే, ఒప్పుకోకండి.

## డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు

సైకియాట్రిస్టు దగ్గరకా, సైకాలజిస్టు దగ్గరకా? మన ప్రాంతంలో ఎక్కడ దొరుకుతారు?

మందులు రాసేది సైకియాట్రిస్టు. థెరపీ చేసేది ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు. రెండు జబ్బులూ కలిసి ఉన్నప్పుడు సైకియాట్రిస్టుతో మొదలుపెట్టడం మంచిది. ప్రభుత్వపరంగా కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన సర్వజన ఆసుపత్రి ఉంది, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే నడుస్తోంది. ఎన్ని మందులకూ లొంగని ఓసీడీ అయితే అక్కడికి వెళ్లడం వృథా ప్రయాణం కాదు.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు అడగండి. క్లినికల్ సైకాలజిస్టుగా భారత పునరావాస మండలిలో నమోదు ఉందా? ఓసీడీకి ఈఆర్‌పీ (భయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కొనే థెరపీ, వివరం కింద ఉంది) చేస్తారా? 'మంచి మాటలు చెప్పి ధైర్యం ఇస్తాం' అన్న జవాబు ఓసీడీకి సరిపోదు.

రెండింటిలో ముందు దేనికి వైద్యం చేస్తారు?

చాలాసార్లు రెండింటికీ కలిపే. ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందులు ఓసీడీకీ డిప్రెషన్‌కూ పనిచేస్తాయి కాబట్టి మందు విషయంలో పెద్ద చిక్కు లేదు. థెరపీని ఏ వరుసలో చేయాలన్న దగ్గరే ఆలోచించవలసి వస్తుంది.

కుంగుబాటు ఓ మోస్తరుగా ఉండి, ఓసీడీ వల్లే వచ్చిందని తెలుస్తుంటే ఓసీడీ థెరపీ వెంటనే మొదలుపెట్టవచ్చు. కడుక్కునే సమయం అయిదు గంటల నుంచి రెండుకు దిగితే, ఆ మూడు గంటల్లో మనిషి మళ్లీ మనుషుల్లో పడతాడు. దిగులు కూడా సడలుతుంది. కుంగుబాటు తీవ్రంగా ఉంటే వరుస మారుతుంది. తిండీ నిద్రా లేక, చావు గురించి మాట్లాడుతున్నవారికి ముందు ప్రాణరక్షణ. మందులు, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చడం, మరీ తీవ్రమైతే మత్తు ఇచ్చి చేసే ఈసీటీ. జనం కరెంటు వైద్యం అని భయపడేది దీన్నే. తీవ్రమైన డిప్రెషన్‌కు అది బాగా పనిచేస్తుంది, ఓసీడీకి మాత్రం అది మామూలుగా చేసే వైద్యం కాదు.

ఆ స్థితిలో ఓసీడీ థెరపీని ఎందుకు ఆపుతామంటే, భయాన్ని భరిస్తూ కూర్చోవడానికి కొంత ఓపిక, తగ్గుతుందన్న కొంత ఆశ ఉండాలి. డిప్రెషన్ ముందు ఊడ్చేసేవి ఆ రెండే. ఇచ్చిన అభ్యాసం చేయలేకపోతే 'ఇదీ నా వల్ల కాలేదు' అన్న కొత్త అపరాధభావం మిగులుతుంది. అయితే 'దిగులు పూర్తిగా పోయాక చూద్దాం' అని నెలలకు నెలలు ఓసీడీని పక్కనపెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. మనిషి లేచి కూర్చుని, స్నానం చేసి, కాసేపు మాట్లాడగలిగితే చిన్న మెట్టుతో మొదలుపెట్టవచ్చు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏమేం చెప్పాలి? కంగారులో సగం మరిచిపోతాం.

కాగితం మీద రాసుకుని వెళ్లండి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, రోజుల తరబడి విపరీతమైన హుషారుతో, ఎడాపెడా ఖర్చులు చేస్తూ తిరిగారా? ఇది తప్పక చెప్పాలి, ఎందుకంటే బైపోలార్ (ఇలాంటి హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ ఉద్రేకం తిరగబెట్టవచ్చు. గుండెజబ్బు, మూర్ఛ, థైరాయిడ్, గర్భం, మద్యం సంగతి దాచవద్దు. ఒళ్లునొప్పులకు వేసుకునే మాత్రల పేర్లు కూడా చెప్పండి. ట్రమడాల్‌తో ఈ మందులు కలిస్తే ప్రమాదం, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటివాటితో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది.

## మందుల గురించి

మందు మొదలుపెట్టి నెల దాటింది. దిగులు తగ్గింది కానీ కడుక్కోవడం తగ్గలేదు. ఈ మందు పనిచేయడం లేదా? మానేయవచ్చా?

ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చడానికి అసలు కారణం ఈ సందేహమే. ఒకే మాత్ర రెండు జబ్బుల మీద రెండు వేగాలతో పనిచేస్తుంది. డిప్రెషన్‌లో రెండు నుంచి ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది. ఓసీడీలో తగిన మోతాదుకు చేరాక 8 నుంచి 12 వారాలు చూస్తేగాని పనిచేసిందో లేదో చెప్పలేం. అంటే నెల తిరిగేసరికి మనసు తేలికపడుతుంది, చేతులు మాత్రం పంపు దగ్గరే ఉంటాయి. కొందరు 'నాకు బాగానే ఉంది' అని ఇక్కడే ఆపేస్తారు. ఇంకొందరు 'అసలు జబ్బు తగ్గలేదు' అని ఆపేస్తారు. ఇద్దరూ కొద్ది నెలల్లో మొదటికే వస్తారు, ఈసారి 'మందులు కూడా వాడాను, నాకిక తగ్గదు' అన్న నిరాశను వెంటబెట్టుకుని. మనసు తేలికపడిన ఆ నెలే థెరపీ మొదలుపెట్టడానికి మంచి అదను. దాన్ని జారవిడుచుకోవద్దు.

మా బాబాయికి డిప్రెషన్‌కు ఇదే మాత్ర 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. నాకు 60 రాశారు. నా జబ్బు అంత ముదిరిందా?

ముదరలేదు. ఓసీడీకి ఈ మందులు ఎక్కువ మోతాదులో వాడితేనే బాగా పనిచేస్తాయి. ఫ్లుయోక్సెటిన్ డిప్రెషన్‌కు సాధారణంగా 20తో సరిపోతే, ఓసీడీకి 40 నుంచి 80 వరకు పెంచవలసి రావచ్చు. సెర్ట్రాలిన్ 200 వరకు వెళ్తుంది. ఒక్కసారిగా కాదు, మెట్లు మెట్లుగా పెంచుతారు.

ఒక మందు పనిచేయకపోతే దారి మూసుకుపోయినట్టేనా?

కాదు. మొదట ఇంకో ఎస్ఎస్ఆర్ఐకి మారుస్తారు. తర్వాత క్లోమిప్రమిన్ ఉంది. పాతది, ఓసీడీ మీద గట్టిగా పనిచేస్తుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం వంటి ఇబ్బందులు ఎక్కువ. గుండె లయ చూడటానికి ఈసీజీ తీయిస్తారు. కొందరికి అరిపిప్రజోల్ లేదా రిస్పెరిడోన్ కొద్ది మోతాదులో జతచేస్తారు. ఆ చీటీ చూసి 'స్కిజోఫ్రేనియా మందు రాశారు' అని మందుల దుకాణంలో ఎవరో అంటారు. ఇక్కడ ఆ మందు పని వేరు, అసలు మందుకు ఊతం ఇవ్వడం.

ఈ మాత్రలకు అలవాటుపడిపోతామా?

ఎస్ఎస్ఆర్ఐలకు మత్తుమందుల్లాంటి వ్యసనం రాదు. హఠాత్తుగా మానేస్తే మాత్రం తలతిరుగుడు, చిరాకు, తలలో కరెంటు పాకినట్టు అనిపించడం ఉంటాయి. అందుకే నెమ్మదిగా తగ్గిస్తారు. అలవాటు పడేది ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి మాత్రలకు. మొదటి వారాల్లో ఆందోళన తగ్గడానికి డాక్టరు కొద్దిరోజులు ఇవ్వవచ్చు. ఓసీడీని అవి తగ్గించవు. చిత్రమేమిటంటే జనం ఎస్ఎస్ఆర్ఐకి భయపడి, వీటిని మాత్రం ఏళ్ల తరబడి అడిగి మరీ కొనుక్కుంటారు.

మొదటి వారంలోనే వికారం, విరేచనాలు, కంగారు. మందు పడలేదనుకోవాలా?

తిన్న తర్వాత వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుంది. ఈ ఇబ్బందులు ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. 25 ఏళ్లలోపువారిలో మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంది, ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు గమనిస్తూ ఉండాలి. పెద్దవయసువారు అయోమయంగా మాట్లాడుతుంటే రక్తంలో సోడియం పడిపోయిందేమో పరీక్ష చేయించండి.

దాంపత్యం దెబ్బతింటోంది. లేడీ డాక్టరు, అడగడానికి సిగ్గుగా ఉంది.

కోరిక తగ్గడం, ఆలస్యం కావడం ఈ మందుల్లో బాగా తెలిసిన ఇబ్బంది. 'మందు మొదలుపెట్టాక భార్యాభర్తల విషయంలో తేడా వచ్చింది' అంటే చాలు, మిగతాది ఆవిడే అడుగుతారు. మోతాదు సర్దవచ్చు, మందు మార్చవచ్చు. చెప్పకుండా మానేసేవారే ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ పెట్టాను.

గర్భం వచ్చింది. మాత్రలు వెంటనే ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపవద్దు. అదే వారంలో సైకియాట్రిస్టునూ ప్రసూతి డాక్టరునూ కలవండి. పరాక్సెటిన్ సాధారణంగా మారుస్తారు. సెర్ట్రాలిన్ వంటివి అవసరాన్నిబట్టి కొనసాగిస్తారు. తల్లి తిండీ నిద్రా మాని కుంగిపోవడం బిడ్డకూ హానే, డాక్టరు ఆ రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి తూస్తారు.

మాది లంక గ్రామం. గోదావరి వస్తే వారం దాకా బయటకు రాలేం. మాత్రలు అయిపోతే?

జూలై రాకముందే డాక్టరును అడిగి రెండు వారాల మాత్రలు అదనంగా రాయించుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వార్త విన్నాక పడవ కోసం చూడటం కాదు, అప్పటికే మాత్రలు ఇంట్లో ఉండాలి. చీటీతో పాటు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీద ఉంచండి. ఫ్లుయోక్సెటిన్ శరీరంలో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి రెండు రోజులు తప్పినా తేడా తెలియకపోవచ్చు. పరాక్సెటిన్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే తలతిరుగుడు మొదలవుతుంది. తప్పిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగకండి.

## థెరపీ గురించి

ఈఆర్‌పీ అంటే అసలు ఏం చేస్తారు?

భయపెట్టేదానికి కావాలనే ఎదురెళ్లడం, ఆ తర్వాత అలవాటుగా చేసే పనిని చేయకుండా ఆగడం. ముందు భయాలన్నిటికీ 0 నుంచి 100 వరకు మార్కులు వేయిస్తాం. అంటు భయం ఉన్న అమ్మాయి పట్టిక ఇలా ఉండవచ్చు: ఇంటి గేటు గడియ ముట్టుకోవడం 30, ఆర్టీసీ బస్సులో కడ్డీ పట్టుకోవడం 50, చేపల మార్కెట్లో నడిచి రావడం 70, ఆ కాళ్లతోనే మంచం మీద కూర్చోవడం 90. మొదలు గడియతో. ముట్టుకుని, కడుక్కోకుండా కూర్చోవాలి. పక్కన నేనూ ముట్టుకుని కూర్చుంటాను. పది నిమిషాలకు గుండెదడ తారస్థాయికి వెళ్తుంది. ఆమె కళ్లు పంపు వైపే ఉంటాయి. ఏమీ చేయకపోయినా అరగంట, ముప్పావుగంటలో భయం దిగడం మొదలవుతుంది. దిగకపోయినా, భయంతోనే కూర్చోగలనని ఆమెకు తెలుస్తుంది. అది తక్కువ సంగతి కాదు. కొన్ని వారాలకు బస్సు కడ్డీ పట్టుకున్న చేత్తోనే పూతరేకు విప్పి తినే దాకా వస్తాం.

ఒక్కో సెషన్ గంట నుంచి గంటన్నర, మొత్తం 12 నుంచి 20 దాకా పడతాయి. అసలు పని ఇంటి దగ్గర రోజూ చేసే అభ్యాసంలోనే ఉంటుంది. బలవంతంగా చెయ్యి పట్టుకుని ముట్టించడం ఈఆర్‌పీ కాదు. అలా చేసేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

లేవడానికే ఓపిక లేదు. ఇక అభ్యాసాలు ఎలా చేయను?

ఓపిక వచ్చాక చేద్దామనుకుంటే డిప్రెషన్‌లో ఆ రోజు రాదు. పని ముందు, ఉత్సాహం తర్వాత. పొద్దున ఏడింటికి మంచం దిగి వాకిట్లో కుర్చీలో కూర్చోవడం, కాలవ గట్టు మీద పది నిమిషాల నడక, ఒక స్నేహితుడికి ఫోను. ఇంతే రాసుకుని, చేసినవాటికి టిక్కు పెట్టండి. ఓసీడీ అభ్యాసం మొదట్లో రోజుకు ఒక్కటే, అదీ 20, 30 మార్కుల భయమే. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు చేసి అప్పు తీర్చనక్కర్లేదు, ఒక్కటే చేయండి.

'అమ్మా, నా చేతులు శుభ్రంగానే ఉన్నాయా?' అని రోజుకు వందసార్లు అడుగుతుంది. చెప్పకపోతే ఏడుస్తుంది. ఏం చేయాలి?

మీరు చెప్పే ప్రతి 'ఉన్నాయమ్మా' ఆమెకు ఇంకోసారి చేతులు కడిగినట్టే. అయిదు నిమిషాలు ఊరట, ఆపైన మళ్లీ ప్రశ్న. ఆమెతో కలిసి కూర్చుని, థెరపిస్టు సాయంతో ముందే ఒప్పందం చేసుకోండి. మొదటి వారం రోజుకు ఇన్నిసార్లే చెబుతానని, తర్వాత ఇంకా తగ్గిస్తానని. అడిగినప్పుడు 'ఇది ఓసీడీ అడుగుతున్న ప్రశ్న. నీకు కష్టంగా ఉందని తెలుసు, నీ పక్కనే కూర్చుంటాను' అనండి. చెప్పాపెట్టకుండా ఒక్కరోజులో అన్నీ ఆపేస్తే, ముఖ్యంగా కుంగుబాటు ఉన్నప్పుడు, తనను వదిలేశారనుకుంటుంది. ఆమె కోసం ఇంటిల్లిపాదీ గుమ్మంలో బట్టలు మార్చుకోవడం, అన్నగారు చెప్పులు బయట కడగడం కూడా ఇలాగే ఒకటొకటిగా తగ్గించాలి. 'చాదస్తం' అని వెక్కిరించే బంధువును కాస్త దూరం పెట్టండి.

మా ఊళ్లో ఈఆర్‌పీ చేసేవారు లేరు.

వీడియో కాల్‌లో కూడా బాగా చేయవచ్చు. ఒకరకంగా మేలు కూడా, భయం పుట్టేది మీ వంటింట్లోనే కదా.

## తగ్గిన తర్వాత

ఎంతకాలం వాడాలి?

డిప్రెషన్ మొదటిసారి వచ్చినదైతే తగ్గాక మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఓసీడీ కూడా ఉంటే తగ్గాక కనీసం ఒకటి రెండేళ్లు. రెండూ ఉన్నవారికి ఎక్కువ కాలమే లెక్క. ఆపేటప్పుడు కూడా నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. థెరపీ సరిగ్గా చేసినవారిలో మందు ఆపాక జబ్బు తిరగబెట్టడం తక్కువ.

అమ్మాయికి సంబంధం కుదిరేలా ఉంది. ఈ విషయం చెప్పాలా?

చెప్పమనే నా సలహా. మధ్యవర్తికి కాదు, ఆ అబ్బాయికి, అమ్మాయే స్వయంగా, నిశ్చితార్థానికి ముందు. 'నాకు ఓసీడీ ఉంది, వైద్యం తీసుకుంటున్నాను, మాత్ర వేసుకుంటాను' అన్న మూడు ముక్కలు చాలు. దాచి పెళ్లి చేస్తే కొత్త కాపురంలో మాత్రలు దాచుకోలేక మానేస్తారు. పెళ్లయిన కొద్ది నెలలకే ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని మా గదికి వచ్చే కేసుల్లో చాలావాటి వెనక కథ ఇదే. పెళ్లి చేస్తే అదే తగ్గుతుందన్న మాటకు ఆధారమేమీ లేదు.

2027 గోదావరి పుష్కరాలకు స్నానానికి వెళ్లవచ్చా? ఇప్పుడిప్పుడే తగ్గుతోంది.

వెళ్లవచ్చు. భయం మురికి గురించి అయితే అంతమంది మునిగే నీళ్లలో దిగడం పెద్ద మెట్టే, కాబట్టి ముందు మామూలు రోజుల్లో రేవులో కాళ్లు తడుపుకోవడం అభ్యాసం చేయండి. భయం పాపం గురించి అయితే చిక్కు ఇంకోలా వస్తుంది: మునక సరిగ్గా పడలేదని, సంకల్పంలో మాట తప్పానని మళ్లీ మళ్లీ మునగాలనిపిస్తుంది. మూడు మునకలని ఇంట్లోనే అనుకుని బయల్దేరండి. మూడో మునక ఎలా పడినా లెక్కే. పురోహితుడిని మళ్లీ అడగడం ఉండదు. ఇంటికొచ్చాక ఆ స్నానాన్ని సరిచేయడానికి ఇంకో స్నానం ఉండదు. మాత్రల వేళకు ఫోనులో అలారం పెట్టుకోండి, చీటీ ఫోటో కూడా ఫోనులో ఉంచుకోండి.